పెద్ద రోకలి దగ్గర ఆగిన రోజు

ఇది జరిగినప్పుడే రాయాలనిపించింది. కానీ అప్పటికి నాకు రాయడం రాదు. పేరు గీయడం వచ్చు, అదీ పొదుపు సంఘంలో సంతకం కోసం ఒక అక్క నా చెయ్యి పట్టుకుని నేర్పితే. పేరు దాటాక ఇంకేం రాయాలన్నా అక్షరం దొరికేది కాదు.

చిన్నప్పుడు బడికి పోలేదా అని అడుగుతారు. మా ఊళ్ళో బడి గంట కొట్టే వేళకే గొర్రెలు దొడ్డి దాటాలి. ఎండాకాలం వస్తే మేత కోసం మందతో పాటు మేమూ ఊళ్ళు పట్టుకుని పోయేవాళ్ళం. ఏ ఊరి బడి మాది అనుకోవాలి? పెళ్ళయ్యాక కాపురం, కాన్పు, మళ్ళీ మందే. మా ఆయన పోయాక మంద మొత్తం నా చేతికి వచ్చింది. యాభై దాటాక పలక పట్టమంటే సిగ్గుపడ్డానని జనం అనుకున్నారు. సిగ్గు కాదు, భయం. తప్పు రాస్తే పిల్లకాయలు నవ్వుతారని భయం. చివరికి మా వీధిలో అద్దెకు దిగిన ఒక టీచరమ్మ, "సాయంత్రం మా వసారాలో కూర్చో. నువ్వు తప్పు రాస్తే నేను తప్ప ఎవరు చూస్తారు?" అంది. అట్లా మొదలైంది. వాక్యం పూర్తిగా రాయడానికి చాలా కాలం పట్టింది. అందుకే ఆలస్యం. కొన్ని మాటలు మరిచిపోయి ఉంటాను. భయపడింది మాత్రం మరిచిపోలేదు.

మాది ఉదయగిరి పక్క పల్లె. నాకు ఒక్కతే కూతురు. అల్లుడు మా ఊళ్ళోనే ఆటో తోలుతాడు, కాపురం మా ఇంటి పక్కనే. వాళ్ళకు ఒక్కతే పాప. ఆ ఏడు పాప ఆత్మకూరులో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. అక్కడే బేస్‌బాల్ అనే ఆట నేర్చుకుంది. ఆ పేరు పలకడం నాకు చాలా రోజులకు గానీ రాలేదు. క్రికెట్టు లాంటిదే అని పాప చెప్పేది. కాకపోతే ఇందులో బంతి నేల మీద పడి లేవదు, విసిరిన చెయ్యి నుంచి నేరుగా మనిషి మీదికే వస్తుంది.

ఒక రోజు అట్లా వచ్చిన బంతి పాప కుడి కంటి కింద తగిలింది. హాస్టల్ నుంచి ఫోను వచ్చినప్పుడు నేను దొడ్డిలో ఉన్నాను. కూతురు కేక వినగానే ఎవరో పోయారనుకున్నాను. మేము పోయి చూసేసరికి పాప మొహంలో ఒక పక్క కన్ను అనేదే లేదు, ఉబ్బిన మాంసం తప్ప. ఎముక చిట్లింది. కంటి తెల్లగుడ్డులో రక్తం గడ్డకట్టి చాలా రోజులు ఉంది.

వాపు తగ్గింది, ఎముక అతుక్కుంది. కానీ ఇంటికి వచ్చిన పాప మునుపటి పాప కాదు. కోడి రెక్కలు కొట్టుకుంటూ ఎగిరితే రెండు చేతులతో మొహం మూసుకునేది. వాళ్ళ నాన్న భుజం మీది తువ్వాలు తీసి దులిపితే గోడకు అతుక్కునేది. ఒకసారి నేను కొబ్బరి చిప్ప కంప మీదికి విసిరాను, పాపకు ఎంతో దూరంలో. అది చూసి ఉన్నచోటే చతికిలబడింది. నేను పరిగెత్తుకుంటూ పోతే, "ఏం లేదవ్వా, కాలు జారింది" అంది. కాలు జారలేదు.

చివరిసారి కన్ను చూపించడానికి అందరం అల్లుడి ఆటోలోనే ఆత్మకూరు పోయాం. ఆ పొద్దుకు మందను మా తోడికోడలు కొడుక్కు అప్పజెప్పి వచ్చాను. డాక్టరు పాప కంట్లో మందు పోసి, లైటు వేసి, ఎంతసేపో చూశాడు.

"చూపు బాగుండాది. ఎముక కూడా బాగా అతుక్కునింది" అన్నాడు.

పాప వెంటనే, "ఆడొచ్చా సార్?" అని అడిగింది. ఇన్ని రోజుల్లో ఆ మాట మా ఎవరి దగ్గరా ఎత్తలేదు.

డాక్టరు మా మొహాలు చూశాడు. "అది మీ ఇంట్లో వాళ్ళు తేల్చుకోవాల. అదే చోట ఇంకో దెబ్బ తగిలితే మాత్రం కన్ను సంగతి నేను చెప్పలేను. ఆడితే మొహానికి ఇనప జాలీ లేకుండా నిలబడొద్దు."

ఇంకో దెబ్బ తగిలితే చెప్పలేను. ఆ మాట నా చెవిలో పడిన దగ్గర్నుంచి నాకు మరో మాట వినపడలేదు. బయటికి వచ్చాక కూతురు మందుల చీటీ చేతిలో నలుపుతూ, "ఇంకేం, విన్నావు కదా. ఆట లేదు, ఏం లేదు" అంది. పాప తల దించుకుంది. బళ్ళో ఆట పిల్లల్ని మళ్ళీ ఎంచుకునేది ఆ వచ్చే సోమవారమే. ఆ రోజు పోకపోతే ఇక పోనక్కర లేదు. ఇది మా నలుగురికీ తెలుసు. 

ఆత్మకూరు దాటాక ఉదయగిరి దారిలో అల్లుడు ఆటో ఆపాడు. టీ కోసం అనుకున్నాను. దిగి చూస్తే టీ కొట్టు లేదు. రోడ్డు వారగా పెద్ద రేకుల షెడ్డు, దాని ముందర మిద్దె ఎత్తున ఒక చెక్క బ్యాటు నిలబెట్టి ఉంది. క్రికెట్టు బ్యాటులా పలకగా లేదు. గుండ్రంగా, కింద సన్నగా, పైకి పోయేకొద్దీ లావుగా ఉంది. కొసన ఇనప పొన్ను ఒక్కటి తొడిగితే రోకలే. ఆ దారిన పోయే వాళ్ళందరూ దాన్ని పెద్ద రోకలి అనే అంటారట. బస్సుల్లో కూడా "పెద్ద రోకలి కాడ దిగేవాళ్ళు ఎవురు?" అని కేకేస్తారని అల్లుడు చెప్పాడు.

దాని మొదట్లో పసుపు పూసి ఉంది. కుంకుమ బొట్లు. ఎవరో కంకణం దారం కూడా కట్టారు.

అప్పుడే షెడ్డులోంచి ఒక పెద్దాయన బయటికి వచ్చాడు. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడట. ఎక్కడెక్కడి బేస్‌బాల్ సామాన్లో పోగుచేసి ఆ షెడ్డులో జనానికి చూపిస్తాడు. నేను పసుపు వంక చూడడం గమనించి నవ్వాడు.

"పెళ్ళి బండ్లు ఆపి పూసి పోతారమ్మా. పసుపు దంచేటప్పుడు రోకలికి పూస్తారు కదా, దీనికీ పూస్తే మంచిదంట. ఇది రోకలి కాదు, ఆట సామానని ఎంత మొత్తుకున్నా వింటేనా! ఇప్పుడు నేనే పసుపు డబ్బా పెట్టినాను. లేకపోతే నా గోడకు తుడుచుకొని పోతన్నారు."

అది ఆట సామానని తెలిసీ నేను కూడా చెయ్యి ఆనించి కళ్ళకు అద్దుకున్నాను. పాప కన్ను చల్లగా ఉండాలి అనుకున్నాను. అనుకున్నాక చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏ బ్యాటు, ఏ బంతి వల్ల కన్ను పోబోయిందో దాన్నే మొక్కడం ఏంది అని.

షెడ్డు లోపల గోడ నిండా తోలు చేతొడుగులు తగిలించి ఉన్నాయి. ఒక్కోటి నా మొహమంత ఉంది. గొర్రెల మధ్య బతికినదాన్ని, తోలు వాసన నాకు కొత్త కాదు. దగ్గరికి పోయి వాసన చూశాను. ఎద్దు తోలు. పక్కనే బ్యాట్లు వరసగా ఆనించి ఉన్నాయి.

"ఇవి రౌడీలు కార్లల్లో పెట్టుకొనేటివి కదా?" అంది కూతురు, గొంతులో కోపం దాచుకోకుండా.

"అందుకే అమ్మనమ్మా. చూడను మాత్రమే. అమ్మకానికి పెడితే మొదట వచ్చే గిరాకీ వాళ్ళదే" అన్నాడు మాస్టారు.

అల్లుడు నవ్వాడు. కూతురు నవ్వలేదు.

ఒక బల్ల మీద బంతులు పెట్టి ఉన్నాయి. మాస్టారు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. తెల్లటి తోలు, దాని మీద ఎర్ర దారంతో కుట్టు. చూడడానికి బత్తాయి కాయంతే. అంత బరువు ఉంటుందని అనుకోలేదు. వేలితో నొక్కితే ఒక్క పిసరు కూడా లోపలికి పోలేదు. ఇదేనా పాప మొహం మీద పడింది అనుకోగానే వదిలించుకోవాలనిపించింది. బల్ల మీద పెట్టబోతే జారి కింద పడింది. టప్పుమన్న ఆ చప్పుడుకు పాప నా వెనక్కి వచ్చి నా భుజంలో మొహం దాచుకుంది. తర్వాత అందరూ చూస్తున్నారని తెలిసి పక్కకు జరిగింది.

వాళ్ళ నాన్న చూశాడు. అతని నవ్వు పోయింది.

పక్కనే మొహానికి పెట్టుకునే ఇనప తొడుగులు ఉన్నాయి, డాక్టరు చెప్పిన జాలీలు. ఎద్దుల మూతికి కట్టే చిక్కం లాగా కడ్డీలు అడ్డంగా ఉంటాయి. బంతి పట్టేవాళ్ళు అది పెట్టుకుంటారట. ఆ కడ్డీల సందులో వేలు దూర్చి చూశాను. వేలు పోయింది. బంతి పోదని తెలుసు. అయినా ఇంకోసారి దూర్చి చూశాను.

షెడ్డు వెనక వల కట్టిన పొడుగాటి పందిరి ఉంది. ఒక కొసన మిషను. చెరుకు రసం మిషనులో మాదిరి రెండు చక్రాలు పక్కపక్కన గిర్రున తిరుగుతుంటాయి. మధ్యలోకి బంతి వస్తే ఉమ్మేస్తుంది. పైన గొట్టం నిండా బంతులు పోసి స్విచ్చి వేస్తే ఒకదాని తర్వాత ఒకటి తనంతట తానే విసురుతుంది. ఇంకో కొసన నేల మీద తెల్ల పలక. దాని పక్కన నిలబడి కొట్టాలి. మాకంటే ముందు వచ్చిన ఒక కాలేజీ అబ్బాయి మేము చూస్తుండగా కొట్టి పోయాడు. బంతి వల మీద పడ్డప్పుడల్లా నేను ఉలిక్కిపడ్డాను. వల ఇవతల ఉన్న నాకే అట్లా ఉంటే.

అల్లుడు ఆటో ఎందుకు ఆపాడో అప్పుడు తెలిసింది.

"పాపా, ఒక్కసారి నిలబడతావా?" అన్నాడు.

కూతురు నా చేతిలో సంచి పెట్టి అతని మీదికి పోయింది. "బుద్ధుండాదా నీకు? డాక్టరు చెప్పినమాట ఇంకా చెవిలో ఆరలేదు. కన్ను పోతే నువ్వు తెచ్చిస్తావా?"

"మొహానికి జాలీ పెడతారే. ఊరికే నిలబడమంటన్నాను."

"ఊరికే నిలబడితేనే గదా తగిలింది!"

"మరి ఇట్లనే బతకమంటావా? నేను తువ్వాలు దులిపినా నా బిడ్డ నన్ను చూసి దడుసుకుంటా ఉంది మే. నన్ను చూసి!"

 కూతురు నా వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పమ్మా. నీ మాటైతే వింటాది."

అది నిజం. పాప నా మాట జవదాటదు. వద్దు అని నేను ఒక్క మాట అంటే ఆటోలో ఎక్కి కూర్చునేది. అనాలని నోరు తెరిచాను. పాప నా వంకే చూస్తోంది. ఆ చూపులో వద్దను అవ్వా అని ఉందో, వద్దనొద్దు అవ్వా అని ఉందో నాకు తెలియలేదు. సంచి ఇంకో చేతికి మార్చుకున్నాను. 

"నిలబడతాను" అంది పాప.

మాస్టారు జాలీ ఉన్న టోపీ తెచ్చి పాప తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, చేతికి బ్యాటు ఇచ్చాడు. కూతురు చూడలేనంటూ షెడ్డు మెట్టు మీద కొంగు మొహానికి కప్పుకుని కూర్చుంది. అల్లుడు వలకు అవతల పక్క, నేను ఇవతల పక్క. మాస్టారు మిషను దగ్గరికి పోయి స్విచ్చి వేశాడు. చక్రాలు రొద పెట్టాయి.

మొదటి బంతికి పాప మొహం తిప్పేసింది. అది వెనక వలకు తగిలి కింద పడింది. రెండోదానికి ఒంగింది. "కొట్టు పాపా! నీ మీదికి రావడంలా, పక్కన పోతాది!" అని వాళ్ళ నాన్న కేక వేశాడు. మూడోదానికి పాప ఒంగలేదు, తిరగలేదు. అల్లుడు, "అదీ!" అన్నాడు సంతోషంగా. దూరాన మిషను దగ్గర మాస్టారు కూడా బాగుందన్నట్టు చెయ్యి ఊపాడు.

నేను దగ్గర ఉన్నాను కాబట్టి కడ్డీల సందులోంచి చూశాను. పాప కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. బ్యాటు భుజం మీదే ఉంది. ఊపిరి పీలుస్తున్నట్టు కూడా లేదు. కాలు మాత్రం తెలియకుండా జరుగుతోంది. పక్కకు కాదు, తెల్ల పలక మీదికి. బంతి వచ్చే దారిలోకి.

ఉదయగిరి రోడ్డు మీద మందను దాటించేటప్పుడు లారీ హారను కొడితే ఒక్కో గొర్రె నడిరోడ్డులో అట్లాగే బిగుసుకుపోతుంది. అప్పుడు కేక వేయకూడదు. కేకకు బెదిరి అది లారీ కిందికే దూకుతుంది. పోయి దాని డొక్కకు మోకాలు ఆనించి నిలబడాలి. ఒళ్ళు తగిలితే దానికి కదలిక వస్తుంది, మనతో పాటు నడుస్తుంది. ఇదంతా అప్పుడు ఆలోచించానని చెప్పను. వల పైకెత్తి లోపలికి దూరానన్న సంగతి లోపలికి పోయాకే తెలిసింది.

"అమ్మా, రావద్దు! వెనక్కి పోండి!" అని మాస్టారు అరవడం వినిపించింది. చక్రాల రొద వినిపించింది.  పాప పక్కకు పోయి నా తుంటిని పాప నడుముకు ఆనించాను. రాయికి ఆనించినట్టు ఉంది. తల ఎత్తి చూస్తే మిషను నోట్లోంచి బంతి బయలుదేరింది. చిన్నగా ఉన్నది పెద్దగా అయింది. అంతే చూశాను. ఎందుకు చేశానో, రెండు చేతులతో కొంగు సాచి పట్టుకున్నాను. చింతచెట్టు దులిపేటప్పుడు కాయలు పట్టుకుంటామే, అట్లా. కొంగు ఏం ఆపుతుంది? కొంగుతో సహా వచ్చి తొడ మీద తగిలింది. నాకు ఊపిరి ఆగింది. పాప మీద పడిపోయాను. ఇద్దరం కలిసి పక్కకు కూలబడ్డాం.

మాస్టారు స్విచ్చి ఆపేశాడు. చక్రాల రొద మెల్లగా తగ్గి ఆగిపోయింది. కూతురు మెట్టు మీది నుంచి, "ఏమైందో చెప్పండి! పాపకేమైంది?" అని అరుస్తోంది, మొహం మీద కొంగు తీయకుండానే.

"అవ్వా! అవ్వా, ఎక్కడ తగిలింది?" పాప కళ్ళు ఇప్పుడు తెరుచుకుని ఉన్నాయి.

"నాకేం లేదు. నీకు తగల్లేదు కదా?" అన్నాను. 

పాప కింద పడిన బంతి తీసి నా అరచేతిలో పెట్టింది. నొక్కమంది. నొక్కితే లోపలికి పోయింది. తోలు బంతి కాదు, స్పాంజి కూరిన రబ్బరు బంతి. చూడను వచ్చే జనానికి ఎవరికీ దెబ్బ తగలకూడదని ఈ మిషనులో మాస్టారు అవే పోస్తాడట. వేగంగా వస్తే అదీ తొడ కందిపోయేట్టు కొడుతుంది, కానీ ఎముక విరగ్గొట్టదు.

"ముందే చెప్పకపోతివే నాయనా!" అన్నాను మాస్టారితో, ఏడుపు ఆపుకుంటూ.

"పాపకు చెప్పినానమ్మా, టోపీ పెట్టేటప్పుడు."

నేను పాప వంక చూశాను. పాప గొంతు తగ్గించింది, వాళ్ళ నాన్నకు వినపడకుండా. "మెత్త బంతని నాకు తెలుసవ్వా. తగిలినా ఏం కాదని కూడా తెలుసు. తెలిసినా కళ్ళు మూతపడి పోతన్నాయి. నేను మూయడంలా. వాటంతట అవే." అంటూ ఏడవడం మొదలుపెట్టింది. తగిలిన రోజు కూడా అంత ఏడవలేదు.

అప్పటిదాకా నా భయం ఒకటే, బంతి తగిలి కన్ను పోతుందని. కన్ను ఉండీ మూసుకునే బతకాల్సి వస్తుందేమో అన్న భయం ఆ వల లోపల, నేల మీద కూర్చున్నప్పుడు పట్టుకుంది. ఆట మానిపిస్తే అది మానుతుందా? కోడిని మానిపిస్తామా? తువ్వాలు మానిపిస్తామా? రేపు పెళ్ళయి మొగుడు దోమను తోలడానికి చెయ్యి ఎత్తినా గోడకు అతుక్కుంటుందా?

మాస్టారు మా దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. "మిషను ఇంక వద్దులే. చేత్తో వేస్తాను. నువ్వు కొట్టొద్దు. బ్యాటు కింద పెట్టు. బంతిని ఊరికే చూడు, చాలు" అన్నాడు.

పాప నా చెయ్యి వదల్లేదు. "అవ్వ ఇక్కడే ఉంటాది" అంది.

నాకు లేచి పారిపోవాలని ఉంది. తొడ మండిపోతోంది. ఉన్నాను. మాస్టారు కొంచెం దూరం నుంచి చేత్తో మెల్లగా వేశాడు, పక్కన పోయేట్టు. పాప మూసేసుకుంది. మళ్ళీ వేశాడు. మళ్ళీ మూసేసుకుంది. ఎన్నిసార్లో. నా చేతిలో పాప వేళ్ళు ఒక్కో బంతికీ ముడుచుకునేవి. ఒకసారి ముడుచుకోలేదు. నేను గబుక్కున పాప మొహం చూశాను. కళ్ళు తెరుచుకుని ఉన్నాయి, నీళ్ళు కారుతూ, బంతి పోయిన వైపు తిరిగి ఉన్నాయి.

"చూసినాను" అంది. ఒక్కటే. దాని తర్వాతది మళ్ళీ చూడలేకపోయింది.

ఆటో ఎక్కాక అల్లుడు మా మనసులు తేలిక చేయాలని, "ఏందత్తా, బంతిని ఒళ్ళో వేసుకోబోయినావే! ఈ లెక్కన నిన్నే తీసుకుంటారు టీములోకి" అన్నాడు. పాప నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ ఆటో గుంతలో పడితే తొడ నొప్పికి నవ్వు పోయింది. కూతురు దారి పొడుగునా బయటికే చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చాక నేను దొడ్డిలో గొర్రెల్ని చూసుకుంటుంటే కూతురు నా వెనకే వచ్చింది. "నువ్వు కూడా ఆయన పక్కే చేరినావు కదా" అంది.

"నేను ఎవురి పక్కా లేను మే. నాకు నీకన్నా భయం."

"అయితే సోమవారం పోవద్దని చెప్పు. నేను చెప్తే ఏడుస్తాది. నువ్వు చెప్తే వింటాది."

"విని?"

"విని ఇంట్లో ఉంటాది. కన్నన్నా దక్కుతాది."

పాప నాకు చెప్పిన మాట కూతురికి చెప్పాను. కళ్ళు తానుగా మూయడం లేదని, వాటంతట అవే మూతపడుతున్నాయని. కూతురు దొడ్డి గుంజ పట్టుకుని నిలబడింది.   "నాకు అన్నం సయించేట్టు లేదు" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున లేచేసరికి తొడ నల్లగా కమిలి ఉంది. కాలు ఈడ్చుకుంటూ పోయి పాత రవిక గుడ్డను బంతిలా ముద్దగా చుట్టి, గోనె దారంతో బిగించి కట్టాను. పక్కింట్లో పడుకున్న పాపను లేపి మా వాకిట్లోకి తీసుకొచ్చాను. గోడకు వీపు ఆనించి నిలబడమన్నాను. ఎందుకని అడగలేదు. నేను ఎదురుగా నిలబడ్డాను. అంతదాకా బాగానే ఉంది. చెయ్యి ఎత్తాక మాత్రం విసరలేకపోయాను. నా చేతిలో ఉన్నది గుడ్డ ముద్దేనని తెలుసు. అయినా ఆ మొహం మీదికి, ఆ కన్ను ఉన్న వైపుకు విసరాలంటే చెయ్యి కదల్లేదు. అప్పుడు నేనే కళ్ళు మూసుకున్నాను. మూసుకుని విసిరాను.

"ఎక్కడో పోయిందవ్వా" అంది పాప.

తెరిచి చూస్తే గుడ్డ ముద్ద కుడితి తొట్టిలో పడి ఉంది. తీసి పిండి మళ్ళీ విసిరాను, ఈసారి చూస్తూ. పాప మూసేసుకుంది. తడి గుడ్డ భుజం మీద పడి జారింది. అది తెచ్చి నా చేతికిచ్చి తిరిగి గోడ దగ్గరికి పోయింది. దొడ్లో గొర్రెలు వేళ దాటిందని అరుస్తున్నాయి. మళ్ళీ విసిరాను.

అప్పటికి కూతురు వాళ్ళ గడపలో నిలబడి చూస్తోంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో. ఆపమంటుందనుకుని చెయ్యి దించాను.

"మరీ మొహానికే వేయబాకమ్మా, కొంచెం పక్కకు వెయ్యి" అంది.

పక్కకు వేశాను.